బందె బావి

అత్తమ్మ చంకలో ఇత్తడి బిందె పెట్టుకుని గడప దాటుతుంటే ఆ సోమవారం పొద్దున నేనే ఎదురొచ్చాను. రెండు వారాల సెలవు అయిపోయింది. తల ఇంకా ఆరలేదు, స్కూటీ తాళం కనపడటం లేదు. నా ఆడబిడ్డ నవనీత పదిరోజుల పసిగుడ్డుని ఒళ్లో వేసుకుని పాలు పడటం లేదని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. నాకు అసలే ఓపిక తక్కువ.

"మళ్లా ఎక్కడికి అత్తమ్మా? నల్లా నీళ్లు వస్తున్నయి గద" అన్నాను.

"నల్లా నీళ్లు బరువు. బాలింతకు, పసిపోరికి బుచ్చవ్వ బావి నీళ్లే పట్టాలె. నా నలుగురు పిల్లలు గా నీళ్లతోనే పెరిగిన్రు. నీ మొగడు గూడ."

మా ఊరు ఎర్రవంచలో అది తిరుగులేని శాసనం. బిడ్డ పుట్టిన రోజు నుంచి ఇరవై ఒకటో రోజున పేరు పెట్టేదాకా తల్లికీ బిడ్డకీ ఆ ఒక్క బావి నీళ్లే. వాటితో పప్పు తొందరగా ఉడుకుతుందట, కడుపులో తేలిగ్గా ఉంటాయట. నేను హనుమకొండలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు కలగలేదు కాబట్టి ఆ నీళ్లతో నాకు పని పడలేదు. ఊళ్లోని అరవై మూడు బావులూ, బోర్లూ నాకు తెలుసు గానీ, నంబర్లతో తెలుసు. బుచ్చవ్వ బావి, సాయబుల బావి అంటే నాకు అర్థం కాదు, నలభై ఒకటి, పదిహేడు అంటేనే అర్థమవుతుంది.

"సరే, బావి మీది దీపం చూసి తెచ్చుకో. పచ్చగుంటే పట్టొచ్చు."

"పచ్చగనే ఉన్నది. రోజు చూస్తనే ఉన్న."

"మరగబెట్టు మరి."

"రెండు పొంగులు రానిస్తున్న. పాలపొడి కలిపెటప్పుడు మళ్లొక పొంగు. నలుగుర్ని గన్నదాన్ని, నాకు జెప్తున్నవా?"

నేను నవ్వి స్కూటీ తీశాను. పచ్చగుంటే పట్టొచ్చు అన్నది నేనే. ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నానో చెప్పలేను.

మా కావలి కేంద్రం ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, మూతపడిన ఎరువుల ఫ్యాక్టరీ గోడ పక్కన ఉంది. ఫ్యాక్టరీ పోయింది గానీ, అది ఏళ్ల తరబడి గుంతల్లో వదిలిన నైట్రేటు పోలేదు. రాతి నెర్రెల్లోంచి నేల కింద మెల్లగా ఊరివైపు నడుస్తోంది. దాన్ని ఆపడానికే కావలి పుట్టింది. పిడికెడంత యంత్రం, ప్రతి బావి నీళ్లలోనూ ఒకటి వేలాడుతుంది. నీళ్లు రుచి చూస్తుంది, అవి ఎటు కదులుతున్నాయో కనిపెడుతుంది, మిగతా అరవై రెండింటితో సంప్రదిస్తుంది. ఏ మోటరు ఎంతసేపు నడవాలో, ఏది ఆగాలో అవే తేల్చుకుంటాయి. ఒకచోట గట్టిగా తోడితే నేల కింద నీళ్లు అటే ఒరుగుతాయి. ఆ కిటుకుతోనే విషాన్నంతా ఒక్క బావిలోకి తోలి, అక్కడి నుంచి ఆపకుండా తోడి, పైపుల్లో ఆరబెట్టే మడుగులకి పంపిస్తాయి. చేలో పడ్డ గొడ్లని బందెలదొడ్డికి తోలినట్టే. అందుకే ఆ బావిని మేము బందె బావి అనేవాళ్లం.

అరవై రెండు బావులు బతకడానికి ఒక బావి బలి. ఆ ఒకటీ ఏదో తేల్చే సూత్రం రాసింది నేను. తాగేవాళ్లు అందరికన్నా తక్కువ ఉండాలి, వాళ్లలో పసిపిల్లలు ఉండకూడదు. దీపం కూడా తాగేవాళ్లని బట్టే వెలుగుతుంది. ఏ బావి నీళ్లు ఎవరు తాగుతారో రాసుకున్న పుస్తకంలో పసిబిడ్డ పేరు ఉంటే, నైట్రేటు లీటరుకి నలభై ఐదు మిల్లీగ్రాములు దాటగానే ఎరుపు. అందరూ పెద్దవాళ్లే అయితే నూరు దాకా పచ్చ. పెద్దవాళ్లని నైట్రేటు అంత తొందరగా ఏమీ చేయదు. పసిబిడ్డ రక్తం మాత్రం దానితో గాలి మోయడం మానేస్తుంది. పెదవులు నీలబడతాయి. ఇదంతా నేను కమిటీ ముందు బొమ్మలు గీసి చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను.

"రా స్వరూపా, మంచి ముచ్చట చెప్తా" అన్నారు మా అధికారి ఖలీల్ సార్, పన్నెండు గంటల టీ కప్పు నా వైపు జరుపుతూ. "నువ్వు సెలవులో పోయిన మర్నాడే, శనివారం, ఫ్యాక్టరీ లోపలి బందె బావి ఎండిపోయింది. మనమెవ్వరం చెయ్యి పెట్టలేదు. ఆరు నిమిషాల్లో కావళ్లు మాట్లాడుకుని ఇంకో బందె చూసుకున్నాయి. పదహారు రోజులైంది. ఒక్క చుక్క పక్కకి పోలేదు."

నాకు గర్వంగా అనిపించింది. దాచుకోవడమెందుకు, చాలా గర్వంగా అనిపించింది. తెర మీద కొత్త బందె వివరాలు తీశాను. నలభై ఒకటో నంబరు. వాడేవాళ్లు ఒక్కరు. వయసు డెబ్బై రెండు. నైట్రేటు తొంభై రెండు. దీపం పచ్చ.

అంతా సూత్రం ప్రకారమే ఉంది. బిస్కెట్టు టీలో ముంచుతూ ఊరికే బావి ఫోటో తెరిచాను. ఒర రాయి మీద పసుపు, దాని మీద కుంకుమ, మళ్లీ పసుపు, ఏళ్లకేళ్ల పొరలు. ఒక్క ముసలామె తాగే బావికి ఇంత పసుపెందుకు? ఇరవై ఒకటో రోజున బాలింత వచ్చి బుచ్చవ్వ బావికి పసుపు కుంకుమ పెట్టి మొక్కి మొదటి చేద తోడుతుందని అత్తమ్మ వందసార్లు చెప్పింది. బిస్కెట్టు టీలో పడిపోయింది.

ఫోన్ చేస్తే అత్తమ్మ ఆరో రింగుకి ఎత్తింది.

"బుచ్చవ్వ బావి మీద మోటరు నడుస్తుందా?"

"నడుస్తుంది. పదిహేను దినాల సంది ఆగుతలేదు. సర్కారోళ్లు పూడిక తీస్తున్నరని బుచ్చవ్వ సంబురపడుతుంది. ఏమైందే?"

"పోరి ఎట్లున్నది?"

"పండుకున్నది. పొద్దుగాల నీళ్లు పోసినంక పెదిమెలు జర నల్లవడ్డయి. చలికి గావొచ్చు."

"అత్తమ్మా, ఇంక ఒక్క చుక్క గూడ తాగియ్యకు! పిల్లని గుడ్డలల్ల చుట్టి రోడ్డు మీదికి తీసుకరా. వస్తున్న."

ఖలీల్ సార్ ఏమీ అడగకుండా కారు తీశారు. అంతకుముందు కేంద్రం తెర మీద నలభై ఒకటిని చేత్తో ఎరుపు చేసి వచ్చాను. ఊరికి నాలుగు నిమిషాలు, ఊరి నుంచి పట్నం ఆసుపత్రికి ముప్పై ఐదు. దారంతా నవనీత బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంది. అత్తమ్మ మాత్రం ఒకటే మాట. "మంచిగ మరగబెట్టిన గద స్వరూపా! రెండు పొంగులు రానిచ్చిన గద!"

మరిగిస్తే ఆవిరయ్యేది నీళ్లే, నైట్రేటు కాదు. ఒక్కో పొంగుకి ఆ విషం చిక్కబడుతూ వచ్చింది. ఆమె ఎంత జాగ్రత్త పడితే బిడ్డకి అంత కీడు జరిగింది. ఆ సంగతి ఆమెకి ఆ రోజు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత కూడా చెప్పలేదు.

డాక్టరు తీసిన రక్తం ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది. నేను సంగతి చెప్పగానే ఆయన నీలం రంగు మందు ఎక్కించాడు. నీలబడ్డ బిడ్డకి నీలం మందేమిటని నవనీత గోల చేసింది. ముప్పావు గంటకి పెదవులు తమలపాకు నమిలినట్టు ఎర్రబడ్డాయి. బిడ్డ గొంతు చించుకుని ఏడ్చింది. నేను కారిడార్లో గోడకి ఆనుకుని నేల మీద కూలబడి ఏడ్చాను.

డాక్టరు బయటికొచ్చాడు. "మొన్న శుక్రవారం మీ ఊరి నుంచే ఇంకో పాప వచ్చిందమ్మా. దార్లోనే ప్రాణం పోయింది. ఊపిరితిత్తుల జబ్బు అనుకున్నాం. రంగు ఇట్లాగే ఉండె" అన్నాడు.

"మన వెనక బజారు రేణుక బిడ్డ" అంది అత్తమ్మ. "పన్నెండు దినాల పోరి."

వేళ్ల మీద లెక్కపెట్టాను. బందె మారింది శనివారం. ఆ పిల్ల పుట్టింది మర్నాడు. పుట్టిన దగ్గర నుంచి పోయేదాకా ఆ పిల్ల తాగిందంతా నా సూత్రం ఎంచిన బావి నీళ్లే. కంచే చేను మేసిందంటారు. ఆ కంచె నాటింది నేను.

మర్నాడు నవనీతని ఇంటికి చేర్చి, తిన్నగా బుచ్చవ్వ ఉండే కుమ్మరివాడకి పోయాను. బావి పక్కన అరుగు మీద కూర్చుని బుచ్చవ్వ ఎర్రదీపాన్నే చూస్తోంది. ఆమెని చూడగానే నాకు ఒళ్లు మండింది. తప్పు నాది కాకూడదని మనసు ఎంత పీకుతుందో అప్పుడే తెలిసింది.

"అవ్వా, రెండేండ్ల కింద ఎంతమంది తాగుతరని అడిగితే ఒక్కదాన్నే అన్నవ్ గద! ఊళ్ల బాలింతలందరు తాగుతరని ఎందుకు చెప్పలే?"

"పసిపిల్లల లెక్క ఎవరన్న జెప్తరా బిడ్డా?" అంది ఆమె ఆశ్చర్యంగా. "దిష్టి తగలదా? పేరు వెట్టని పిల్లను మనం లెక్కగడితే పైనున్నోడు గూడ లెక్కగట్టుకుంటడు. నేను తాగేది జెప్పిన. నువ్వు అడిగింది గూడ గంతే. ఎండల వచ్చినవ్, గొడుగు కింద నిలవడి రాసుకున్నవ్, పోయినవ్. ఇంకో మాట అడగలే."

నిజమే. ఆ మే నెలలో మూడు రోజుల్లో అరవై మూడు బావులు తిరిగాను. ఒక్కో బావి దగ్గర రెండు నిమిషాలు నిలబడ్డానేమో.

"నా బావి చెడిపోయిందా?" అంది.

"అది చెడిపోలే అవ్వా. మేమే చెడగొట్టినం. ఊరంతా బతకాలని విషం తెచ్చి నీ బావిల పోసినం."

"ఊరంతా అంటే ఎవ్వరే? పిల్లలు ఊరు గాదా?"

రేణుక బిడ్డ సంగతి కూడా చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి, "గా పోరికి మొదటి బిందె నేనే తోడి ఇచ్చిన" అంది.

అసలు చిక్కు ఇంకా ముందుంది. చేత్తో పెట్టిన ఎరుపు మూడు రోజులే ఉంటుంది. ఎవరైనా పగబట్టి ఎదుటివాడి బావి మూసేయకుండా ఆ గడువు పెట్టిందీ మేమే. గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకి కావలి మళ్లీ పుస్తకం చూసుకుంటుంది. అందులో ఒక్క ముసలామె పేరే ఉంటే దీపం పచ్చగా వెలుగుతుంది, బందె అక్కడే ఉంటుంది. దండోరా వేయించొచ్చు, బోర్డు పెట్టొచ్చు. కానీ రెండేళ్లుగా ఊరికి మేమే నేర్పాం, ఎవరి మాటా వినకండి, దీపాన్నే నమ్మండని. తండాల నుంచి వచ్చే బాలింతలు బోర్డు చదువుతారా, పచ్చదీపం చూస్తారా?

మోటరు ఆపేయడానికీ లేదు. "ఆపితే ఇరవై రోజుల్లో ఊరికి నల్లా నీళ్లిచ్చే పెద్ద ట్యాంకు బోర్లకి విషం అందుతుంది. ఆరు వందల ఇళ్లు. బందె ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే" అన్నారు ఖలీల్ సార్. "నలభై ఒకటి కింద ఒక్క పసిబిడ్డ పేరు ఎక్కించు. కావళ్లు తక్షణం ఇంకో బావి చూసుకుంటాయి."

"వరసలో తర్వాతిది ఏది సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మనదే. ఈ కేంద్రం బోరు. తొమ్మిది మందిమి, అందరం పెద్దవాళ్లం."

ఊళ్లో ఇంకో ముగ్గురు బాలింతలు ఆ నీళ్లు వాడుతున్నారు. ముగ్గురి పిల్లలనీ డాక్టరు చూసి మందిచ్చాడు, గండం గడిచింది. ఒక్క పేరు దొరికితే చాలు. కానీ ముగ్గురి ఇళ్లలోనూ తలుపు సగమే తెరిచారు. "ఇప్పుడే చావు తప్పింది, మళ్లా లెక్కల రాస్తరా?" అంది ఒకామె. ఇంకొకామె అత్తగారు నా చేతిలో ఫారం చూసి దూరం నుంచే చీపురు ఎత్తింది. పేరు లేకుండా రాద్దామంటే యంత్రం ఒప్పుకోదు. ఉత్త పేరు కల్పిద్దామంటే తల్లి వేలిముద్ర కావాలి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని నవనీతని అడిగాను. ఆమె తల వంచుకుంది. అత్తమ్మ అడ్డం వచ్చింది.

"ఇరవై ఒకటో దినం దాక ఎవ్వరు రాయొద్దు. నువ్వు రాస్తే నేను ఈ ఇంట్ల ఉండ."

"నువ్వు రాయనియ్యకపోతే రేపు ఇంకో తల్లి కడుపు కాలుతది అత్తమ్మా!"

"నా మనుమరాలు మొన్ననే సావు ముంగటికి పోయి వచ్చింది. దాన్ని మళ్లీ పిలువమంటవా?"

నా భర్త డ్యూటీ బస్సు దిగి వచ్చి ఇద్దరి మొహాలూ చూసి, చెప్పులు కూడా విప్పకుండా మళ్లీ బయటికి వెళ్లిపోయాడు. బుధవారం అలా ఉత్తగానే పోయింది. ఇంట్లో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉన్నాను.

గురువారం పదకొండు గంటలకి కేంద్రం గేటు దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. ఇరవై రెండేళ్లుంటాయేమో. నెత్తిన తువాలు, చెవుల్లో దూది, కాళ్లకి చెప్పుల్లేవు. పచ్చి బాలింత రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి వచ్చింది. అడక్కముందే ఎవరో తెలిసింది.

రేణుకని కుర్చీలో కూర్చోబెట్టాను. ఎన్నిసార్లు మనసులో కూర్చుకున్నానో, ఆ మాటలేవీ గుర్తు రాలేదు. "నీ బిడ్డ మా వల్ల పోయింది చెల్లె. ఆ సూత్రం రాసింది నేనే" అన్నాను.

"ఎర్కే అక్కా. బుచ్చవ్వ వచ్చి చెప్పింది." ఆమె నా వైపు చూడలేదు. "నీళ్లు మా అమ్మ తెచ్చింది. మరగబెట్టింది నేను. ఏడ్చినప్పుడల్లా ఇంకింత పట్టిన."

ఖలీల్ సార్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

"ఒక పసిబిడ్డ పేరు గావాలంటున్నవట గద, ఎవ్వరు ఇస్తలేరట" అంది రేణుక. "నా బిడ్డది రాసుకో. దానికింక ఏ దిష్టి తగుల్తది?"

నేను సార్ వైపు చూశాను. ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా, ఇంగ్లీషు కలిపిన తెలుగులో, ఆమెకి అర్థం కాకూడదన్నట్టు చెప్పారు. పోయినవాళ్ల పేరు రాస్తే చావు తేదీ గడి నింపాలి. నింపితే యంత్రం ఆ పేరు వెంటనే కొట్టేస్తుంది. నింపకపోతే అది దొంగ రికార్డు. కింద సంతకం నాది. రేపు ఎవరైనా తనిఖీ చేస్తే ఉద్యోగం పోవడమే కాదు, కేసు అవుతుంది.

"తెలుసు సార్" అన్నాను. "రెండేళ్ల కింద నేను రాసినదానికి ఏ తనిఖీలోనూ తప్పు దొరకలేదు. అన్ని గళ్లూ నింపాను. ఒక్క అబద్ధం లేదు. పిల్ల చచ్చిపోయింది."

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "ఫారంలో ధ్రువీకరించిన అధికారి అని ఇంకో సంతకం ఉంటుంది. అది నాది" అన్నారు.

"పేరేంది చెల్లె?"

రేణుక కాసేపు తడబడింది. ఆ పేరు ఇంతవరకూ ఎవరి ముందూ పలకలేదు కదా. "లాస్య" అంది. "కడుపుల ఉన్నప్పుడే అనుకున్న. ఎవ్వరికి జెప్పలే."

కొట్టాను. పుట్టిన తేదీ కొట్టాను. తల్లి పేరు, బావి నంబరు నలభై ఒకటి. చావు తేదీ గడి దగ్గర గీత మిణుకు మిణుకుమంటూ ఉంది. దాన్ని దాటేసి, రేణుక బొటనవేలు పలక మీద ఆనించి, ఎక్కించు అన్న మీట నొక్కాను. గోడ గడియారం పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది.

అరవై మూడు కావళ్లూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. తెర మీద నైట్రేటుని చూపించే గోధుమరంగు మచ్చ కదలకుండా నిలిచిపోయింది. నలభై ఒకటో బావి మోటరు ఆగింది. దీపం ఎరుపులోనే నిలబడింది, ఈసారి దానంతట అదే. కాసేపటికి మా కాళ్ల కింద, గది వెనకాల, కేంద్రం బోరు గుర్రుమని నడవడం మొదలుపెట్టింది. బుచ్చవ్వ బావి తేరుకోవడానికి ఏడాది పడుతుందో రెండేళ్లు పడుతుందో యంత్రం ఇంకా లెక్క వేస్తూనే ఉంది.

"రేపటి సంది అందరూ ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకోండి" అని ఖలీల్ సార్ లోపలివాళ్లకి కేక వేశారు.

రేణుక లేచి తెర దగ్గరికి వచ్చింది. తొమ్మిదో తరగతి దాకా చదువుకున్న పిల్ల. పెదవులు కదుపుతూ చదువుకుంది. లాస్య. ఆడ. వయసు పద్దెనిమిది రోజులు.

"నా బిడ్డ పన్నెండు దినాలే ఉన్నది గద అక్కా. పద్దెనిమిదని వచ్చిందేంది?"

"పుట్టిన తారీకు నుంచి అదే లెక్కగట్టుకుంటది."

"రేపు?"

"పంతొమ్మిది."

ఆమె అంకె మీద వేలు ఆనించి అలాగే నిలబడింది.

"ఇట్ల పెరుగుకుంటనే పోతదా?"

"చావు తేదీ గడి నింపేదాక పోతది" అన్నాను. ఆమెకి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

రేణుక తువాలు సరిచేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గా గడి నింపకు అక్కా" అంది. "పెరగనియ్."